లక్షా పాతికవేలు ఒక్క రూపాయైపోయే చోటు: సీలో స్ట్రింగ్ నుంచి డబుల్ దాకా

సీ భాషలో స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరసని, సంఖ్యగా మార్చే ఏటాఫ్ (atof) ఫంక్షన్‌కి "1,25,000.50" అనే స్ట్రింగ్ ఇవ్వండి. 1 వస్తుంది. ఎర్రర్ ఉండదు, ప్రోగ్రామ్ ఆగదు. మొదటి కామా ఎదురవగానే చదవడం మానేసి, అప్పటికి దొరికిన ఒకటిని చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. అదే మొత్తానికి ముందు రూపాయి గుర్తు తగిలించి "₹1,25,000.50" అని ఇస్తే ఆ ఒక్కటి కూడా రాదు, సున్నా వస్తుంది. వెయ్యి లోపు మొత్తాలతో టెస్ట్ చేసినన్నాళ్ళూ ఈ తప్పు బయటపడదు. ఎందుకంటే 999.50లో కామా ఉండదు.

ఇది ఏటాఫ్‌లో బగ్ కాదు. సీ భాష ప్రమాణంలో రాసి ఉన్న పద్ధతే అది. స్ట్రింగ్ మొదట్లోంచి సంఖ్యలా కనిపించినంత మేర చదువు, మిగతాది నీకనవసరం: సీ లైబ్రరీకి అప్పజెప్పిన పని ఇంతే. "ఈ స్ట్రింగ్ సంఖ్యేనా?" అన్న ప్రశ్న లైబ్రరీని ఎవరూ అడగలేదు, అది జవాబూ చెప్పదు. ఆ ప్రశ్న ప్రోగ్రామ్ రాసేవాళ్ళది. నా వాదనంతా దీని చుట్టూనే. అంకెల్ని బిట్లుగా మార్చే పని మనం చేయకూడదు, ఏ స్ట్రింగ్‌ని సంఖ్యగా ఒప్పుకోవాలో నిర్ణయించే పని లైబ్రరీకి వదలకూడదు. చాలా కోడ్‌లో ఈ రెండూ తలకిందులుగా ఉంటాయి.

ముందు ఏటాఫ్ సంగతి తేల్చేద్దాం. దాని దగ్గర తప్పు చెప్పే దారే లేదు. "0" ఇచ్చినా సున్నా, "abc" బదులు "అఆఇ" ఇచ్చినా సున్నా, ఖాళీ స్ట్రింగ్ ఇచ్చినా సున్నా. "1e400" (1 పక్కన 400 సున్నాలు) లాగా డబుల్‌లో, అంటే దశాంశ సంఖ్యలకి సీ మామూలుగా ఇచ్చే 64 బిట్ల చోటులో, పట్టని సంఖ్య ఇస్తే ఏమవుతుందో ప్రమాణం చెప్పనే చెప్పదు, అది నిర్వచించని ప్రవర్తన. పేరు చివర ఎఫ్ చూసి ఫ్లోట్ (32 బిట్ల చిన్న చోటు) ఇస్తుందనుకుంటారు గానీ ఇచ్చేది డబుల్. ఎస్‌టీడీలిబ్ హెడర్ చేర్చడం మరిచిపోతే పాత కంపైలర్లు అది ఇంట్ ఇస్తుందని తమంతట తామే అనుకుని చెత్త విలువను తెచ్చిపెట్టేవి. ప్రకటించని ఫంక్షన్‌ని పిలవడాన్ని 1999 ప్రమాణం తీసేసింది, అయినా జీసీసీ కంపైలర్ దాన్ని మామూలుగా ఎర్రర్‌గా చూడడం మొదలెట్టింది 2024లో వచ్చిన 14వ వెర్షన్‌తోనే. కార్ల ఎలక్ట్రానిక్స్‌లో పాటించే మిస్రా సీ 2012 నియమాల్లో 21.7వది ఏటాఫ్, ఏటాయ్, ఏటాల్, ఏటాల్‌ఎల్ నాలుగింటినీ వాడొద్దంటుంది. భద్రత కోసం రాసిన సెర్ట్ సీ నియమాల్లో ఈఆర్‌ఆర్34 చెప్పేదీ దాదాపు ఇదే. కార్ల దాకా ఎందుకు, లాబ్ పరీక్షలో మార్కుల సగటు లెక్కేసే ప్రోగ్రామ్‌కి కూడా ఏటాఫ్ పనికిరాదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంకా మొదట దాన్నే చూపిస్తారు, ఒక్క లైన్లో అయిపోతుంది కాబట్టి.

దాని బదులు వాడాల్సింది స్టర్‌టాడ్ (strtod). స్ట్రింగ్ టు డబుల్ అనే మాటల్ని నలిపి చేసిన పేరు. ఫ్లోట్ కావాలంటే స్టర్‌టాఫ్, లాంగ్ డబుల్ కావాలంటే స్టర్‌టోల్డ్. ఈ రెండూ 1999 ప్రమాణంలో చేరాయి. స్టర్‌టాడ్ కూడా ఏటాఫ్ లాగే సగంలో ఆగుతుంది, కానీ ఎక్కడ ఆగిందో చెబుతుంది. రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చే పాయింటర్ పని అదే. అక్కడ నల్ ఇచ్చి పిలిచేవాళ్ళున్నారు. అలా పిలిస్తే ఏటాఫ్‌ని పిలిచినట్టే, కాస్త ఎక్కువ టైపింగ్‌తో.

మాటలకన్నా కోడ్ నయం. పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను, ఏది ఏ ఫంక్షనో సీ తెలిసినవాళ్ళు పోల్చుకోగలరు:

బూల్ సంఖ్య_చదువు(కాన్స్ట్ చార్ *మొదలు, డబుల్ *ఫలితం)
{
    చార్ *చివర;
    ఎర్‌నో = 0;
    డబుల్ వి = స్టర్‌టాడ్(మొదలు, &చివర);
    ఇఫ్ (చివర == మొదలు) రిటర్న్ ఫాల్స్;
    ఇఫ్ (ఎర్‌నో == ఈరేంజ్ && (వి == హ్యూజ్‌వాల్ || వి == -హ్యూజ్‌వాల్)) రిటర్న్ ఫాల్స్;
    వైల్ (ఈజ్‌స్పేస్((అన్‌సైన్డ్ చార్)*చివర)) చివర++;
    ఇఫ్ (*చివర != 0) రిటర్న్ ఫాల్స్;
    ఇఫ్ (!ఈజ్‌ఫైనైట్(వి)) రిటర్న్ ఫాల్స్;
    *ఫలితం = వి;
    రిటర్న్ ట్రూ;
}

ప్రతి లైనుకీ ఒక కారణం ఉంది. లైబ్రరీ తన ఎర్రర్ నంబర్ పెట్టే చోటు ఎర్‌నో; దాన్ని ముందే సున్నా చేయాలి, ఎందుకంటే లైబ్రరీ ఫంక్షన్ ఏదీ దాన్ని తిరిగి సున్నా చేయదు. ఎప్పుడో ఏదో ఫైల్ తెరవలేక మిగిలిన పాత ఎర్రర్ ఇప్పటి తప్పులా కనిపిస్తుంది. అసలేమీ చదవలేకపోయిందా అన్నది ఎర్‌నోతో తేలదు. ఆ సందర్భంలో కొన్ని వ్యవస్థలు ఎర్‌నోలో విలువ పెడతాయి, కొన్ని పెట్టవు. ఆగిన చోటు మొదలుపెట్టిన చోటే అయితే ఏమీ చదవలేదని అర్థం, అదొక్కటే నమ్మదగ్గ గుర్తు.

రెండో పరీక్షలో ఈరేంజ్ (హద్దు దాటిందనే ఎర్రర్ నంబర్) ఒక్కటీ చూసి ఊరుకోకుండా హ్యూజ్‌వాల్‌ని కూడా ఎందుకు చూడాలి? సంఖ్య మరీ పెద్దదైతే స్టర్‌టాడ్ హ్యూజ్‌వాల్ ఇచ్చి ఈరేంజ్ పెడుతుంది, అందులో గొడవ లేదు. మరీ చిన్నదైతే ఈరేంజ్ పెట్టాలా వద్దా అన్నది అమలు చేసేవాళ్ళ ఇష్టం. లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ పెడుతుంది. డబుల్‌లో మామూలు రూపంలో పట్టే అతి చిన్న సంఖ్య సుమారు 2.2e-308. దానికంటే కింద, బిట్లు తగ్గించుకుంటూ 4.9e-324 దాకా దిగొచ్చు. "1e-310" ఇస్తే వచ్చే విలువ వాడుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ ఈరేంజ్ కూడా వస్తుంది. ఈరేంజ్ వచ్చిన ప్రతిదాన్నీ తోసేస్తే సైన్స్ లెక్కల ఫైళ్ళలోని మంచి సంఖ్యలు కూడా పోతాయి. అలా తోసేసి, తర్వాత ఫైల్ పాడైందని వెతుక్కునేవాళ్ళు తక్కువేం కాదు.

వెనకాల ఖాళీల్ని దాటించే లూప్ లేకపోతే ఎఫ్‌గెట్స్‌తో చదివిన ప్రతి లైనూ ఫెయిలవుతుంది, చివర న్యూలైన్ ఉంటుంది గనక. విండోస్‌లో తయారైన ఫైలైతే దానికి ముందు క్యారేజ్ రిటర్న్ కూడా ఉంటుంది. ఈజ్‌స్పేస్‌కి ఇచ్చేముందు అన్‌సైన్డ్ చార్‌గా మార్చడం అలంకారం కాదు. చాలా మెషీన్లలో చార్ సైన్డ్. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మూడూ 127 దాటినవే, అంటే చార్‌లో మూడూ రుణ సంఖ్యలే. రుణ సంఖ్యని అలాగే ఈజ్‌స్పేస్‌కి ఇస్తే అది తన టేబుల్ బయట తడుముకుంటుంది. ఇంగ్లీష్ డేటాతో ఏళ్ళ తరబడి నడిచిన ప్రోగ్రామ్ తెలుగు పేరున్న మొదటి వరసకే కూలిపోవడానికి ఇది ఒక కారణం. ఆ మాటకొస్తే ౧౨౩ అని తెలుగు అంకెలు ఇస్తే స్టర్‌టాడ్ ముట్టుకోదు కూడా. అవి ఒప్పుకోవాలనుకుంటే ముందే 123గా మార్చి ఇవ్వాలి.

చివరి పరీక్ష, అంటే ఈజ్‌ఫైనైట్, గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1999 ప్రమాణం నుంచి స్టర్‌టాడ్ ఒప్పుకునే జాబితా చాలామంది ఊహించినదానికంటే పొడవు. "ఇన్ఫ్", "ఇన్ఫినిటీ", "నాన్" (నాట్ ఎ నంబర్, అంటే సంఖ్య కాదు) అనే ఇంగ్లీష్ పదాల్ని, చిన్న అక్షరాలు పెద్ద అక్షరాలు అనే తేడా లేకుండా, సంఖ్యలుగా తీసుకుంటుంది. సున్నా-ఎక్స్‌తో మొదలయ్యే హెక్సాడెసిమల్‌ని తీసుకుంటుంది. "5." తీసుకుంటుంది, ".5" తీసుకుంటుంది, "+5" తీసుకుంటుంది, "007" కూడా. వెబ్‌లో డేటా పంపడానికి వాడే జేసన్ అనే రాత పద్ధతి వ్యాకరణంలో వీటిలో ఒక్కటీ చెల్లదు. అందుకని స్టర్‌టాడ్ ఒప్పుకుంది కదా అని ఒప్పుకునే జేసన్ పార్సర్ తప్పు పార్సర్. అక్షరాల్ని ముందు తన వ్యాకరణంతో సరిచూసుకుని, ఆ తర్వాతే స్టర్‌టాడ్‌కి అప్పజెప్పాలి.

వీటన్నిటిలో నాన్ అసలైన దొంగ. శాతం అడిగే చోట మామూలుగా రాసే పరీక్ష ఇలా ఉంటుంది: విలువ సున్నా కంటే తక్కువైనా, వంద కంటే ఎక్కువైనా తిప్పికొట్టు. పెద్దదా చిన్నదా అని నాన్‌ని దేనితో పోల్చినా అబద్ధమే వస్తుంది. సున్నా కంటే తక్కువ కాదు, వంద కంటే ఎక్కువా కాదు, కాబట్టి దర్జాగా లోపలికి వస్తుంది. వచ్చాక దాన్ని కలిపిన ప్రతి మొత్తం నాన్ అవుతుంది. పరీక్షని తిరగేసి, "సున్నాకి సమానమో ఎక్కువో అయి, వందకి సమానమో తక్కువో అయితేనే రానివ్వు" అని రాస్తే నాన్ బయటే ఉండిపోతుంది. ఈజ్‌ఫైనైట్ ఉంది కదా అనే ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. జీసీసీకి ఫాస్ట్-మ్యాథ్ ఆప్షన్ ఇస్తే నాన్, ఇన్ఫినిటీ అనేవి అసలు రావని కంపైలర్ నమ్మేసి ఆ పరీక్షని తీసిపారేయొచ్చు. ఇన్‌పుట్ చదివే ఫైల్‌ని ఆ ఆప్షన్ లేకుండా విడిగా కంపైల్ చేయడం మేలు.

స్ట్రింగ్ ముందు ఖాళీల్ని స్టర్‌టాడ్ తానే దాటేస్తుంది. సౌకర్యంగా కనిపించే ఈ గుణం ట్యాబ్‌లతో విడదీసిన ఫైళ్ళలో గోతిలో దింపుతుంది. వరసలో 10, ఆ తర్వాత ఖాళీ గడి, ఆ తర్వాత 30 ఉన్నాయనుకోండి. మధ్యలో రెండు ట్యాబ్‌లు పక్కపక్కనే ఉంటాయి. మొదటి ట్యాబ్ దాటి రెండో గడి దగ్గర స్టర్‌టాడ్‌ని పిలిస్తే, ట్యాబ్ కూడా ఖాళీయే కాబట్టి దాన్ని దాటి 30ని తెచ్చి రెండో గడిలో పెడుతుంది. వరస చివర ఖాళీ గడి ఉంటే న్యూలైన్‌ని కూడా దాటి కింది వరసలోని సంఖ్యని ఎత్తుకొస్తుంది. ముందు గడుల్ని విడదీసి, ఒక్కోదానికీ చివర సున్నా బైట్ పెట్టుకుని, అప్పుడు చదవాలి. ఆ సున్నా బైట్ ఇంకో రకంగానూ ముఖ్యం. నెట్‌వర్క్ నుంచి వచ్చిన బఫర్‌కి చివర సున్నా ఉండదు. స్టర్‌టాడ్‌కి పొడవు చెప్పే దారి లేదు, అంకెలు కనిపించినంతసేపూ బఫర్ హద్దు దాటి చదువుతూనే ఉంటుంది.

కంటికి కనపడని బైట్లు మరికొన్ని. ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8గా దాచిన సీఎస్‌వీ ఫైల్ మొదట్లో మూడు బైట్ల గుర్తు ఉంటుంది. మొదటి వరస మొదటి సంఖ్య మాత్రమే చదవలేకపోతే అనుమానించాల్సింది దాన్నే. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన అంకెల మధ్య విడిపోని ఖాళీ ఉంటుంది, పీడీఎఫ్ నుంచి తెచ్చిన రుణ గుర్తు కీబోర్డ్ మీది అడ్డగీత కాకపోవచ్చు. ఇవేవీ ఈజ్‌స్పేస్‌కి ఖాళీలు కావు, స్టర్‌టాడ్‌కి గుర్తులు కావు.

స్ట్రింగ్‌లోంచి విలువలు చదివే ఎస్‌స్కాన్‌ఎఫ్ వాడొచ్చు కదా అంటారు. పనికిరాదు. పట్టని సంఖ్య వస్తే అక్కడా నిర్వచించని ప్రవర్తనే. డబుల్ చదవడానికి పర్సెంట్-ఎల్-ఎఫ్ అని రాయాలి. ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్-ఎఫ్ చాలు కదా అని ఇక్కడా అదే రాస్తే నాలుగు బైట్లే రాసి మిగతా నాలుగింటినీ పాత చెత్తతో వదిలేస్తుంది. "100ergs" అనే స్ట్రింగ్ తీసుకోండి, ప్రమాణంలో ఇచ్చిన ఉదాహరణే ఇది. ఎర్గ్ శక్తికి కొలత. స్టర్‌టాడ్ 100 ఇచ్చి ఇంగ్లీష్ ఈ అక్షరం దగ్గర ఆగుతుంది. స్కాన్‌ఎఫ్ ఆ అక్షరాన్ని ఘాతం మొదలనుకుని మింగి, వెనక్కి రాలేక ఫెయిలవుతుంది. పైగా స్ట్రింగ్ ఎంత పొడవుందో ఎస్‌స్కాన్‌ఎఫ్ చాలా లైబ్రరీల్లో పిలిచిన ప్రతిసారీ చివరిదాకా కొలుస్తుంది. 2021లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ మొదలవడానికి నిమిషాల కొద్దీ పట్టడానికి ముఖ్య కారణాల్లో ఒకటి అదేనని ఆట ఆడే ఒకాయన బైనరీని విప్పి చూపించాడు. సుమారు 10 మెగాబైట్ల జేసన్‌ని ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో ముక్క ముక్కగా చదువుతూ, ప్రతి ముక్కకీ మిగిలిన మెగాబైట్లన్నీ కొలిచేది.

ఇక లొకేల్, అంటే దేశాన్ని బట్టి మారే రాత పద్ధతుల అమరిక. హైదరాబాద్‌లో రాసి యూరప్‌కి పంపే సాఫ్ట్‌వేర్‌లో ఈ తప్పు ఎంతగా దాక్కుంటుందో చూడండి. స్టర్‌టాడ్ దశాంశ గుర్తుగా దేన్ని తీసుకోవాలో లొకేల్ చెబుతుంది. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు అది "సీ" లొకేల్, అంటే చుక్క. ఎవరో సెట్‌లొకేల్‌ని ఖాళీ స్ట్రింగ్‌తో పిలిచిన క్షణం నుంచి వాడేవాళ్ళ దేశపు పద్ధతి అమల్లోకి వస్తుంది. ఆ ఎవరో మనమే కానక్కర్లేదు, తెర మీద కిటికీలూ బటన్లూ గీసే జీటీకే లాంటి లైబ్రరీ మొదలవుతూ తానే పిలుస్తుంది. జర్మనీలో దశాంశ గుర్తు కామా. అక్కడ "3.14" ఇస్తే 3 వచ్చి చుక్క దగ్గర ఆగుతుంది. మన దేశపు లొకేళ్ళలో, తెలుగుతో సహా, దశాంశ గుర్తు చుక్కే. అందుకే ఇక్కడ ఎన్ని టెస్టులు నడిపినా అన్నీ పాసవుతాయి. ప్రింట్‌ఎఫ్ కూడా అదే లొకేల్ పాటించి కాన్ఫిగ్ ఫైల్‌లో "3,14" అని రాసిపెడుతుంది. ఆ ఫైల్‌ని ఇంకో దేశంలో తెరిస్తే పై (π) అంటే మూడే.

చదివే ముందు సెట్‌లొకేల్‌తో "సీ"కి మార్చి, చదివాక వెనక్కి మార్చే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. అది మొత్తం ప్రాసెస్‌కి వర్తించే మార్పు. ఇంకో థ్రెడ్ అదే సమయంలో తేదీ ప్రింట్ చేస్తుంటే దాని కిందనుంచి తివాచీ లాగినట్టే. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ 2008లో వచ్చిన యూజ్‌లొకేల్ ఒక్క థ్రెడ్‌కే వర్తిస్తుంది. జీలిబ్‌సీలోనూ మాక్‌లోనూ లొకేల్‌ని ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే స్టర్‌టాడ్-ఎల్ ఉంది, విండోస్‌లో అదే ముందు ఒక అండర్‌స్కోర్‌తో దొరుకుతుంది. జీలిబ్ (జీటీకే వాడుకునే లైబ్రరీ, జీలిబ్‌సీ కాదు) వాడే ప్రోగ్రామ్‌లకి జీ-ఆస్కీ-స్టర్‌టాడ్ ఉంది. ఫైళ్ళకీ ప్రోటోకాల్‌లకీ వీటిలో ఒకటి వాడాలి. మనిషి స్క్రీన్ మీద టైప్ చేసే పెట్టెలకు మాత్రం లొకేల్‌ని పాటించే స్టర్‌టాడ్ వాడాలి. ఒక ప్రోగ్రామ్‌లో రెండు రకాల చదువులూ ఉండడం సహజం. ఒకే ఫంక్షన్‌తో రెండూ సరిపెట్టబోతేనే తంటా.

ఇంత తలనొప్పి ఎందుకు, పదితో గుణించి అంకె కలుపుకుంటూ పోయే లూప్ మనమే రాసుకోవచ్చు కదా? పూర్ణాంకాలకి రాసుకోవచ్చు. దశాంశాలకి రాయకూడదు. పాయింట్ తర్వాతి ప్రతి అంకెకీ 0.1తో గుణించే లూప్‌కి "0.3" ఇవ్వండి. 3ని 0.1తో గుణిస్తే 0.30000000000000004 వస్తుంది. 3ని 10తో భాగిస్తే సరైన 0.3 వస్తుంది. తేడా ఎక్కడిదంటే, 10 డబుల్‌లో కచ్చితంగా పడుతుంది, 0.1 పట్టదు. మనం 0.1 అనుకునేది అక్కడ 0.1000000000000000055511151231257827… గా ఉంటుంది. ఆ తప్పుతో గుణించి, ఆ ఫలితాన్ని మళ్ళీ రౌండ్ చేస్తే తప్పు మీద తప్పు.

సరే, భాగిద్దాం. అదీ కొంతదూరమే. డబుల్‌లో 53 బిట్లు. అంకెలన్నీ కలిపిన పూర్ణాంకం 9007199254740992కి, అంటే 2 ఘాతం 53కి, మించకుండా, పది ఘాతం 22 లోపే ఉంటే, ఒక్క గుణకారమో భాగహారమో చేస్తే చాలు, ఫలితం కచ్చితంగా దగ్గరి డబులే. 22 ఎందుకంటే 5 ఘాతం 22 ఆ 53 బిట్లలో పడుతుంది, 5 ఘాతం 23 పట్టదు. ఈ హద్దు దాటితే ఎంత దూరం చూడాలో ముందే చెప్పలేం. "9007199254740993" సరిగ్గా రెండు డబుల్స్ నడిమధ్యన ఉంది. చివరి బిట్ సున్నా ఉన్న వైపు మొగ్గాలన్న నియమంతో చివర 992 అవుతుంది. దాని పక్కన పాయింట్ పెట్టి వంద సున్నాలు రాసి చివర ఒక 1 తగిలించండి. ఇప్పుడది నడిమధ్య కాదు, రవ్వంత పైన. సరైన జవాబు చివర 994. నూట పదిహేడో అంకె జవాబుని మార్చేసింది. అత్యంత దారుణమైన సందర్భాల్లో ఏడు వందల పైచిలుకు అంకెలు చూడాల్సి రావచ్చు.

దీనికి సరైన పద్ధతిని 1990లో విలియం క్లింజర్ రాశారు, అదే ఏడాది డేవిడ్ గే దాన్ని మెరుగుపరిచారు. బెల్ ల్యాబ్స్‌లో గే రాసిన సీ కోడ్ నెట్‌లిబ్ అనే కోడ్ భాండారం ద్వారా లోకమంతా పాకింది, ఎన్నో భాషల లోపల నేటికీ అదో దాని వారసుడో ఉంది. అంతటి కోడ్‌ని తెచ్చుకున్నా తప్పించుకోలేని చోట్లున్నాయి. 2011 జనవరిలో 2.2250738585072011e-308 అనే ఒక్క సంఖ్య 32-బిట్ పీహెచ్‌పీని అంతులేని లూప్‌లో పడేసింది. ఇంటెల్ పాత ఎక్స్87 రిజిస్టర్లు 80 బిట్లవి. మెమరీలో 64 బిట్లుండే విలువ రిజిస్టర్‌లో ఇంకో విలువగా కనిపించి, దగ్గరికి జరుపుకుంటూ పోయే లూప్ ఎప్పటికీ తృప్తి పడలేదు. వెబ్ అడ్రస్‌లో ఆ సంఖ్య పెట్టి పంపితే సర్వర్ అక్కడే తిరుగుతుండేది. మరుసటి నెలలో దాదాపు అదే సంఖ్య జావాను కూడా అలాగే వేలాడదీసింది, కంపైలర్‌తో సహా. జీలిబ్‌సీలో కూడా 2012 చివర వచ్చిన 2.17 దాకా కొన్ని స్ట్రింగ్‌లకు చివరి బిట్ తప్పుగా వచ్చేది. ఇంతమంది తడబడిన చోట సాయంత్రం కూర్చుని లూప్ రాసేద్దామనుకోవడం నాకైతే మింగుడుపడదు. స్టర్‌టాడ్ నెమ్మదైపోతే, అంటే గిగాబైట్ల కొద్దీ సంఖ్యలుంటే, 2020లో వచ్చిన ఐసెల్-లెమైర్ పద్ధతి ఉంది. గో భాష 1.16 నుంచీ, జీసీసీ 12 తన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలోనూ దాన్ని వాడుతున్నాయి. తెచ్చుకోవాలంటే అలాంటిది తెచ్చుకోవాలి.

ఫ్లోట్ కావాల్సినప్పుడు స్టర్‌టాడ్‌తో చదివి ఫ్లోట్‌గా మార్చడం కూడా చిన్న తప్పే, రెండుసార్లు రౌండవుతుంది గనక. 1.00000017881393432617187499 తీసుకోండి. స్టర్‌టాఫ్ సరైన 1.00000012 ఇస్తుంది. డబుల్ మీదుగా వెళ్తే ముందు సరిగ్గా నడిమధ్యకి చేరి, అక్కడి నుంచి తప్పు వైపు దొర్లి 1.00000024 అవుతుంది. నిజ జీవితంలో ఇలాంటి స్ట్రింగ్ అరుదు, కానీ స్టర్‌టాఫ్ రాయడానికి ఖర్చేమీ లేదు. తిరిగి రాసేటప్పుడు డబుల్‌కి 17 అంకెలు, ఫ్లోట్‌కి 9 అంకెలు రాస్తే అదే విలువ మళ్ళీ చదవగలం. ప్రింట్‌ఎఫ్ తనంతట తాను ఇచ్చే ఆరు దశాంశాలతో కాదు.

చిన్న చిప్‌ల దగ్గర కథ వేరు. టర్బో సీలో లాబ్ చేసినవాళ్ళకి "ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్స్ నాట్ లింక్డ్" అనే సందేశం గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఫ్లోట్ వాడినట్టు లింకర్‌కి కనపడకపోతే ఆ కోడ్‌ని వదిలేసేది, స్ట్రక్చర్ లోపలి ఫ్లోట్‌ని స్కాన్‌ఎఫ్ చేయబోతే ప్రోగ్రామ్ చచ్చేది. ఇన్నేళ్ళ తర్వాత ఆర్మ్ చిప్‌లకి వాడే చిన్న సీ లైబ్రరీ న్యూలిబ్-నానోలో జరిగేదీ అదే. లింకర్‌కి స్కాన్-ఫ్లోట్ కావాలని విడిగా చెప్పకపోతే ఎస్‌స్కాన్‌ఎఫ్ ఫ్లోట్‌లని చదవదు. ఏవీఆర్ చిప్‌లలో కూడా దానికి వేరే లైబ్రరీ జతచేయాలి. ఏవీఆర్ చిప్‌తో వచ్చిన ఆర్డుయినో ఊనో బోర్డులో ఉన్నది 32 కిలోబైట్ల ఫ్లాష్, అందుకే ఈ పొదుపు. న్యూలిబ్ స్టర్‌టాడ్ లోపల హీప్ మెమరీ కూడా అడుగుతుంది. హీప్ లేని బోర్డు మీద, ఇంటరప్ట్ లోపల దాన్ని పిలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఏవీఆర్‌లో డబుల్ అన్నా మామూలుగా 32 బిట్లే. జీపీఎస్ మాడ్యూల్ నుంచి "07829.1234,E" వస్తుంది, అంటే 78 డిగ్రీల 29.1234 నిమిషాల తూర్పు రేఖాంశం, హైదరాబాద్ చుట్టుపక్కల. దాన్ని స్టర్‌టాడ్‌కి ఇస్తే 7829.1234 దగ్గర ఫ్లోట్‌కి రెండు పక్కపక్క విలువల మధ్య దూరం సుమారు 0.0005 నిమిషం, నేల మీద దాదాపు 86 సెంటీమీటర్లు. మాడ్యూల్ ఇచ్చిన నాలుగో దశాంశం అక్కడే పోయింది. పాయింట్‌కి ముందు చివరి రెండంకెలు నిమిషాలని విడదీసి, డిగ్రీలు ఒక పూర్ణాంకంగా, నిమిషాలని పదివేలతో హెచ్చించిన ఇంకో 32-బిట్ పూర్ణాంకంగా చదువుకుంటే ఏమీ పోదు, స్టర్‌టాడ్ అవసరమూ ఉండదు. ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి, అదీ తరచుగా కనిపించేదే: అక్షాంశం "1723.1234"ని చదివి వందతో భాగించి 17.231234 డిగ్రీలనుకోవడం. అసలు విలువ 17.38539. మ్యాప్ మీద గుర్తు 17 కిలోమీటర్లు దక్షిణాన పడుతుంది.

డబ్బు దగ్గర కూడా ఇదే మందు. "19.99" ని డబుల్‌గా చదివి పైసలకోసం వందతో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది, ఇంట్‌గా మారిస్తే 1998. ఒక పైసా పోయింది. రౌండ్ ఫంక్షన్ పెట్టి సర్దేవాళ్ళున్నారు, చాలావరకు పనిచేస్తుంది కూడా. కానీ స్ట్రింగ్‌లో పైసలు అక్షరాలా కళ్ళెదుట ఉన్నప్పుడు డబుల్ దాకా వెళ్ళి వెనక్కి రావడం ఎందుకు? రూపాయలు ఒక 64-బిట్ పూర్ణాంకంగా చదివి, పాయింట్ తర్వాత ఒకటో రెండో అంకెలు మాత్రమే ఒప్పుకుని, ఒక్కటే ఉంటే పదితో గుణించి కలపాలి. మూడో అంకె వస్తే తిప్పికొట్టాలి.

మొదట్లో వదిలేసిన కామాల సంగతి మిగిలింది. అందరికీ తట్టే మందు, కామాలన్నీ తీసేసి చదవడం. అలా చేస్తే జర్మన్ పద్ధతిలో రాసిన "1,5" పదిహేనవుతుంది, "12,5000" అని చెయ్యి జారి కొట్టినది లక్షా పాతికవేలై కూర్చుంటుంది. కామా ఉంటే దాని స్థానం కూడా చూడాలి. పాయింట్ నుంచి, పాయింట్ లేకపోతే చివర నుంచి, ఎడమకి వస్తూ మొదటి గుంపు మూడంకెలు, ఆ తర్వాతివన్నీ రెండేసి, అన్నిటికంటే ఎడమది ఒకటో రెండో. విదేశీ ఖాతాలు కూడా వస్తాయనుకుంటే మూడేసి గుంపులది ఇంకో నియమం, రెండిట్లో ఒకటి మొదటినుంచి చివరిదాకా కుదరాలి. "1,25,000" మొదటి నియమానికి కుదురుతుంది, "125,000" రెండోదానికి, "1,250,00" దేనికీ కుదరదు. "99,999" రెండింటికీ కుదురుతుంది, విలువ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. పాయింట్ తర్వాత కామా వస్తే ఏ నియమంలోనూ చెల్లదు. ఈ ఇరవై ముప్పై లైన్లు సీ ప్రామాణిక లైబ్రరీలో దొరకవు, రాసుకోవాల్సిందే. వాటిని టెస్ట్ చేసేటప్పుడు ఖాళీ స్ట్రింగ్, ఒక్క చుక్క, ఒక్క అడ్డగీత, నాన్, "1e400", "1e-310", వెనక క్యారేజ్ రిటర్న్ ఉన్నది, మధ్యలో తెలుగు అక్షరం ఉన్నది, ఇవన్నీ ఇచ్చి చూడండి. తర్వాత లొకేల్‌ని జర్మన్‌కి మార్చి అదే జాబితాని మళ్ళీ నడపండి.